అమెరికాలో బేసి సంవత్సరపు శాసనసభ ఎన్నికలు: సభ మీద పట్టు మారితే నిజంగా ఏం మారుతుంది?

చౌరస్తా (ప్రశ్న):

2025 నవంబరులో వర్జీనియా, న్యూజెర్సీ ఎన్నికల గురించి తెలుగులో వచ్చిన వార్తలు దాదాపు అన్నీ గవర్నర్లుగా గెలిచిన ఆబిగేల్ స్పాన్‌బర్గర్, మైకీ షెరిల్‌ల చుట్టూనే తిరిగాయి. హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినందుకు ఆమె గురించి కూడా బాగానే రాశారు. కానీ అదే రోజున ఆ రెండు రాష్ట్రాల దిగువ సభలకు కూడా ఎన్నికలు జరిగాయనీ, వర్జీనియా హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో డెమొక్రాట్ల బలం 51 నుంచి 64కు పెరిగిందనీ ఏ వార్త చివరనో ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు.

నాకు అర్థం కానిది ఏమిటంటే, వంద మంది సభలో 51 మంది ఉన్నప్పుడే సభ డెమొక్రాట్ల చేతిలో ఉంది కదా, మరి ఆ తర్వాత వచ్చిన 13 స్థానాల వల్ల వారికి కొత్తగా ఒరిగేది ఏమిటి? ఒక్క స్థానం అటూ ఇటూ అయినప్పుడు మాత్రం ఎందుకంత హడావిడి జరుగుతుంది? పైగా సెనేటుకు అసలు ఎన్నికే జరగకపోవడానికి కారణం ఏమిటి? ఈ ఫలితాలను చూసి మరుసటి ఏడాది కాంగ్రెసు (అమెరికా జాతీయ చట్టసభ) ఎన్నికల జోస్యం చెప్పేవారి మాటను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలిసినవారు వివరించగలరు.

నిలకడ:

చౌరస్తా గారూ, ముందుగా ఎన్నికల క్యాలెండరు గురించి చెప్తాను. మీ సందేహాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

శాసనసభలకు బేసి సంవత్సరంలో సాధారణ ఎన్నికలు జరిపే రాష్ట్రాలు నాలుగే ఉన్నాయి: వర్జీనియా, న్యూజెర్సీ, లూసియానా, మిసిసిపి. కెంటకీ గవర్నరును కూడా బేసి సంవత్సరంలోనే ఎన్నుకుంటారు కానీ అక్కడి శాసనసభ ఎన్నికలు సరి సంవత్సరంలో వస్తాయి కనుక ఆ రాష్ట్రం ఈ చర్చలోకి రాదు. లూసియానా, మిసిసిపిలలో రెండు సభల సభ్యులకూ నాలుగేళ్ల పదవీకాలమే కాబట్టి 2019, 2023, 2027 ఇలా నాలుగేళ్లకు ఒకసారి అన్ని స్థానాలకూ ఒకేసారి పోలింగు జరుగుతుంది. లూసియానాలో పార్టీలతో నిమిత్తం లేకుండా అభ్యర్థులందరూ అక్టోబరులో ఒకే బ్యాలెట్టు మీద పోటీ చేస్తారు, సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య నవంబరులో మళ్లీ పోలింగు పెడతారు.

వర్జీనియా పద్ధతి వేరు. హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లోని 100 స్థానాలకు ప్రతి బేసి సంవత్సరంలోనూ ఎన్నిక ఉంటుంది. సెనేటులోని 40 స్థానాలకు మాత్రం నాలుగేళ్లకు ఒకసారి, గవర్నరు ఎన్నిక లేని బేసి సంవత్సరంలో జరుగుతుంది. 2023లో జరిగిన ఆ ఎన్నిక మళ్లీ 2027లో వస్తుంది. అందువల్ల 2025లో డెమొక్రాట్ల గాలి ఎంత బలంగా వీచినా సెనేటులో వారి బలం 21, రిపబ్లికన్ల బలం 19 దగ్గరే నిలిచిపోయింది.

న్యూజెర్సీ లెక్క ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. రాష్ట్రంలో 40 నియోజకవర్గాలు ఉన్నాయి, ఒక్కొక్క దాని నుంచి ఒక సెనేటరునూ ఇద్దరు అసెంబ్లీ (దిగువ సభ) సభ్యులనూ ఎన్నుకుంటారు. అసెంబ్లీకి ప్రతి రెండేళ్లకూ ఎన్నిక జరుగుతుంది. జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాలు మారతాయి కాబట్టి దశాబ్దం మొదట్లో ఎన్నికైన సెనేటరుకు రెండేళ్ల పదవీకాలమే ఇచ్చి, ఆ తర్వాత రెండుసార్లు నాలుగేళ్ల చొప్పున ఇస్తారు. అందుకే అక్కడ 2021లో గెలిచిన సెనేటర్లు 2023లోనే మళ్లీ ప్రజల ముందుకు వెళ్లవలసి వచ్చింది.

బేసి సంవత్సరమే ఎందుకంటే, రాష్ట్ర వ్యవహారాలు అధ్యక్ష ఎన్నికల హోరులో కొట్టుకుపోకూడదని అనేది ప్రధాన వాదన. న్యూజెర్సీ 1947లో రాజ్యాంగాన్ని తిరగరాసుకున్నప్పుడు గవర్నరు పదవీకాలాన్ని మూడేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచి, ఎన్నికను బేసి సంవత్సరానికి స్థిరపరచింది. ఆ ఉద్దేశం నెరవేరిందా అంటే సందేహమే. ఆ ఏడాది దేశమంతటా చెప్పుకోదగ్గ ఎన్నికలు ఇవే కావడంతో జాతీయ పార్టీల డబ్బూ నాయకులూ పత్రికలూ అన్నీ అక్కడికే చేరతాయి. దూరంగా ఉంచాలనుకున్న జాతీయ రాజకీయమే తిరిగి తలుపు తట్టినట్టయింది.

తూనికరాయి:

నిలకడ గారు క్యాలెండరు సంగతి చక్కగా వివరించారు కనుక నేను నేరుగా 51కీ 64కీ తేడా ఏమిటన్న ప్రశ్నకు వస్తాను. సభ మీద పట్టు అనేది స్థానాలతో పాటు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయే వస్తువు కాదని నా అభిప్రాయం. కొన్ని గీతలు ఉంటాయి. గీత దాటేదాకా పెద్దగా ఏమీ మారదు, దాటిన క్షణంలో చాలా మారిపోతుంది.

మొదటి గీత సగం. స్పీకరు ఎవరు, కమిటీల అధ్యక్షులు ఎవరు, ఏ బిల్లు ఏ కమిటీకి వెళ్లాలి, ఏది చర్చకు రావాలి అన్నవన్నీ ఆ ఒక్క స్థానం మీద ఆధారపడి ఉంటాయి. ఇది ఎంత సన్నని గీతో తెలియాలంటే వర్జీనియాలో 2017 ఎన్నికను చూడాలి. అంతకు ముందు హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో రిపబ్లికన్లకు 66 స్థానాలు, డెమొక్రాట్లకు 34 స్థానాలు ఉండేవి. ఆ ఎన్నికలో డెమొక్రాట్లు ఒక్కసారిగా 49 దాకా ఎగబాకారు, చివరికి అంతా న్యూపోర్ట్ న్యూస్ ప్రాంతంలోని 94వ నియోజకవర్గం మీద పడింది. రీకౌంటింగులో డెమొక్రాట్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచినట్టు తేలింది. మరునాడు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ముందుకు ఒక వివాదాస్పద బ్యాలెట్ వచ్చింది. ఆ బ్యాలెట్ మీద ఓటరు ఇద్దరు అభ్యర్థుల పేర్ల పక్కనున్న గడులనూ నింపి, సైమండ్స్ పేరు పక్క గడి మీద అడ్డంగా ఒక గీత గీశాడు. ఆ గీతను కొట్టివేతగా భావించిన న్యాయమూర్తులు ఓటును రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ యాన్సీకి జమ చేయడంతో ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లు చొప్పున వచ్చాయి. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లూ రాసిన చీటీలను పాతకాలపు ఫిల్మ్ డబ్బాల్లో పెట్టి, వాటిని ఒక పింగాణీ గిన్నెలో వేసి, రాష్ట్ర ఎన్నికల బోర్డు అధ్యక్షుడు అందరి ముందూ ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది, సభ 51–49తో రిపబ్లికన్ల చేతిలో నిలిచింది.

సైమండ్స్ పేరు వచ్చి ఉంటే సభ 50–50గా చీలి, ఉభయులూ అధికారం పంచుకోవలసి వచ్చేది. అది అక్కడ వినని విషయమేమీ కాదు. 1998లో డెమొక్రాట్లు 50, రిపబ్లికన్లు 49, స్వతంత్రుడు ఒకరు అయినప్పుడు ప్రతి కమిటీకీ ఇరు పక్షాల నుంచి ఇద్దరు అధ్యక్షులను పెట్టుకుని సభను నడిపారు. న్యూజెర్సీ సెనేటు కూడా 2001 ఎన్నికల తర్వాత 20–20గా చీలి, రెండేళ్ల పాటు ఇద్దరు అధ్యక్షులతో నడిచింది.

ఇక్కడ గమనించవలసిన మరో విషయం ఉంది. చీటీలో ఓడిపోయినా 2017 ఫలితం సభ పోకడను మార్చింది. 66 మంది ఉన్నంత కాలం మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) విస్తరణను అడ్డుకుంటూ వచ్చిన రిపబ్లికన్లలో కొందరు, బలం 51కి పడిపోగానే 2018లో దానికి ఓటేశారు. 2019 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. కాబట్టి గీతకు దగ్గరగా రావడం కూడా ఒక్కోసారి పని చేస్తుందని నా మాటకు నేనే సవరణ చేర్చుకోవాలి.

రెండో గీత మూడింట రెండు వంతులు. రెండు సభల్లోనూ అంత బలం ఉంటే గవర్నరు వీటో చేసిన, అంటే తిరస్కరించిన బిల్లును కూడా చట్టం చేయవచ్చు. గవర్నరు వేరే పార్టీవాడైనప్పుడు మాత్రమే దీనికి విలువ ఉంటుంది. న్యూజెర్సీలో డెమొక్రాటిక్ గవర్నరు జిమ్ ఫ్లోరియో 1990లో 280 కోట్ల డాలర్ల మేరకు పన్నులు పెంచినందుకు జనం మండిపడి, 1991 ఎన్నికల్లో రెండు సభల్లోనూ రిపబ్లికన్లకు మూడింట రెండు వంతులకు మించి స్థానాలు కట్టబెట్టారు. వారు 1992లో ఫ్లోరియో వీటోను తోసిపుచ్చి అమ్మకపు పన్నును 7 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. 2025లో అదే న్యూజెర్సీ అసెంబ్లీలో డెమొక్రాట్లు 80కి 57 స్థానాలు గెలుచుకుని మూడింట రెండు వంతుల గీత దాటారు. కానీ గవర్నరు షెరిల్ కూడా డెమొక్రాటే కాబట్టి వీటో కోణంలో ఆ గీతకు ప్రస్తుతం అంత పని లేదు.

వర్జీనియా విషయంలో అసలు మార్పు గవర్నరు మారడం. 2024, 2025లలో సభలు రెండూ డెమొక్రాట్ల చేతిలో ఉన్నా రిపబ్లికన్ గవర్నరు గ్లెన్ యంగ్‌కిన్ పెద్ద సంఖ్యలో బిల్లులను వీటో చేశారు. సెనేటులో 21 మందితో వీటోను తోసిపుచ్చడం సాధ్యం కాని పని. ఆ అడ్డంకి డెమొక్రాట్ అయిన స్పాన్‌బర్గర్ రాకతో తొలగిపోయింది. 64 స్థానాల వల్ల దిగువ సభలో కొందరు సొంత పార్టీ సభ్యులు ఎదురు తిరిగినా బిల్లు పడిపోకుండా ఉండే వెసులుబాటు వచ్చింది. సెనేటులో ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఒక్క డెమొక్రాట్ ఎదురు ఓటు వేస్తే ఓట్లు 20–20 అవుతాయి, అప్పుడు అధ్యక్ష స్థానంలో ఉండే లెఫ్టినెంట్ గవర్నరు ఓటు నిర్ణాయకం అవుతుంది. మన పత్రికలు హష్మీ గారి జన్మస్థలం గురించి రాసినంతగా ఈ సంగతి రాయలేదు. అయితే బడ్జెట్ వంటి కొన్ని అంశాల్లో రాజ్యాంగం ఎన్నికైన సభ్యుల మెజారిటీనే అడుగుతుంది కనుక ఆ ఓటు అన్ని చోట్లా చెల్లదు.

ఇక మూడో సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, రాజ్యాంగ సవరణ. వర్జీనియాలో సవరణను శాసనసభ ఒకసారి ఆమోదించాక, మధ్యలో హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు సాధారణ ఎన్నిక జరిగి, కొత్త సభ దాన్ని మళ్లీ ఆమోదించిన తర్వాతే ప్రజాభిప్రాయానికి వెళుతుంది. 2021లో డెమొక్రాట్ల సభలు స్వలింగ వివాహ నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తొలగించే సవరణనూ, శిక్ష పూర్తయినవారికి ఓటు హక్కును తిరిగి ఇచ్చే సవరణనూ మొదటిసారి ఆమోదించాయి. ఆ నవంబరులో రిపబ్లికన్లు 52–48తో దిగువ సభను గెలిచారు. 2022లో ఆ రెండు సవరణలూ పూర్తి సభ దాకా కూడా రాకుండా ఉపసంఘంలోనే ముగిసిపోయాయి. సభలో ఓటింగే జరగలేదు కాబట్టి పెద్ద వార్త కూడా కాలేదు. ఎన్నికలో నాలుగైదు స్థానాలు అటు పడి ఉంటే ఆ సవరణల చరిత్ర వేరుగా ఉండేది.

గట్టుమీద:

తూనికరాయి గారి విశ్లేషణ బాగుంది కానీ ఒక పెద్ద అంశాన్ని పక్కన పెట్టారు. ఆ గీతలకన్నా ముందు నియోజకవర్గాల సరిహద్దు గీతలు ఉన్నాయి.

2017లో వర్జీనియా దిగువ సభకు పోలైన ఓట్లలో స్పష్టమైన ఆధిక్యం డెమొక్రాట్లకే వచ్చింది, అయినా సభ రిపబ్లికన్ల దగ్గరే ఉండిపోయింది. 2011లో గీసిన పటమే అందుకు ప్రధాన కారణం. నల్లజాతి ఓటర్లను కొన్ని నియోజకవర్గాల్లో కుక్కి చుట్టుపక్కల వారి బలం పలుచన చేశారన్న వ్యాజ్యంలో 2018లో ఫెడరల్ కోర్టు 11 నియోజకవర్గాలు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. హౌస్ ఆఫ్ డెలిగేట్స్ చేసిన అప్పీలును, ఆ సభకు ఒంటరిగా అప్పీలు చేసే అర్హత లేదంటూ 2019 జూన్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మారిన పటం మీద ఆ నవంబరులో జరిగిన ఎన్నికలో డెమొక్రాట్లు 55 స్థానాలతో దిగువ సభనూ, 21 స్థానాలతో సెనేటునూ గెలిచారు. గజాలా హష్మీ రిచ్‌మండ్ ప్రాంతంలో రిపబ్లికన్ సెనేటరును ఓడించి తొలిసారి సభలో అడుగుపెట్టింది కూడా ఆ ఎన్నికలోనే. అదే 94వ నియోజకవర్గంలో సైమండ్స్ యాన్సీని ఓడించారు, ఈసారి చీటీల అవసరం రాలేదు.

మిసిసిపిలో కూడా ఇలాంటిదే జరిగింది. అక్కడ సాధారణ ఎన్నికలు 2023లోనే అయిపోయినా, కోర్టు ఆదేశంతో కొన్ని నియోజకవర్గాలను తిరగగీసినందువల్ల 2025 నవంబరులో ప్రత్యేక ఎన్నికలు పెట్టవలసి వచ్చింది. సెనేటులో డెమొక్రాట్లు రెండు స్థానాలు అదనంగా గెలవడంతో రిపబ్లికన్ల బలం 52లో 34కు దిగి, వారి మూడింట రెండు వంతుల ఆధిక్యం పోయింది. ప్రజల మనసు మారడం కన్నా పటం మారడమే ఇక్కడ పెద్ద పాత్ర పోషించిందని నేననుకుంటాను.

చౌరస్తా:

ముగ్గురికీ ధన్యవాదాలు. క్యాలెండరు, గీతలు, పటం ఇప్పుడు స్పష్టంగా అర్థమయ్యాయి. ఇంకొక్క చిన్న సందేహం ఉంది. ఎన్నికలు లేని రోజుల్లో కూడా సభ చేతులు మారే అవకాశం ఉందా? అక్కడ మనకున్నటువంటి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం లేదని విన్నాను.

నిలకడ:

ఉంది, తరచుగానే జరుగుతుంది. మీరన్నట్టు ఫిరాయింపుల మీద అక్కడ నిషేధం లేదు, పార్టీ మారిన సభ్యుడు తన స్థానంలోనే కొనసాగుతాడు. 2023 మార్చిలో లూసియానా దిగువ సభలో దశాబ్దాలుగా డెమొక్రాటుగా ఉన్న ఫ్రాన్సిస్ థాంప్సన్ రిపబ్లికన్ పార్టీలో చేరడంతో ఆ పార్టీ బలం 105లో సరిగ్గా 70కి, అంటే మూడింట రెండు వంతులకు చేరింది. అప్పటి గవర్నరు జాన్ బెల్ ఎడ్వర్డ్స్ డెమొక్రాట్ కాబట్టి తూనికరాయి గారు చెప్పిన రెండో గీత అక్కడ ఎన్నికే లేకుండా దాటినట్టయింది.

రాజీనామా కూడా అంత పనీ చేయగలదు. 2014లో వర్జీనియా సెనేటు 20–20గా ఉండి, లెఫ్టినెంట్ గవర్నరు రాల్ఫ్ నార్తమ్ ఓటు బలంతో డెమొక్రాట్ల చేతిలో ఉండేది. మెడికెయిడ్ విషయంలో బడ్జెట్ బిగుసుకుపోయి ఉన్న జూన్ నెలలో ఫిల్ పకెట్ అనే డెమొక్రాటిక్ సెనేటరు రాజీనామా చేశారు. లెక్క 20–19గా మారి సెనేటు ఆ రోజే రిపబ్లికన్లకు దక్కింది, విస్తరణ లేకుండానే బడ్జెట్ బయటపడింది. ఆ విస్తరణ చట్టం కావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

ఉప ఎన్నికలయితే చెప్పనక్కరలేదు. వాషింగ్టన్ రాష్ట్ర సెనేటు 2017 నవంబరులో మంకా ఢింగ్రా గెలిచిన ఒక్క ఉప ఎన్నికతో డెమొక్రాట్ల వశమైంది. పెన్సిల్వేనియా మరీ విచిత్రం. 2022లో దిగువ సభలోని 203 స్థానాల్లో డెమొక్రాట్లు 102 గెలిచారు. కానీ గెలిచిన వారిలో ఒకరు పోలింగుకు ముందే మరణించి ఉన్నారు, ఇద్దరు వేరే పదవులకు ఎన్నికై వెళ్లిపోయారు. సభ మొదలయ్యే నాటికి చేతిలో ఉన్నది 99 మందే. 2023 ఫిబ్రవరి 7న మూడు ఉప ఎన్నికలూ గెలిచిన తర్వాత గానీ వారి ఆధిక్యం కాగితం మీది నుంచి సభలోకి రాలేదు.

వేగుచుక్క:

జోస్యం గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక ఆ మాట నేను చెప్తాను.

1977 నుంచి 2025 దాకా వర్జీనియా గవర్నరు పదవిని దేశాధ్యక్షుడి ప్రత్యర్థి పార్టీయే గెలుస్తూ వచ్చింది, 2013 ఒక్కటే మినహాయింపు. దీన్నిబట్టి తెలిసేది ఏమిటంటే, అధికారంలో ఉన్న అధ్యక్షుడి మీద అసంతృప్తి మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది, మరుసటి ఏటి మధ్యంతర ఎన్నికల్లోనూ (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెసు ఎన్నికలు) అదే అసంతృప్తి కనబడుతుంది. రెండింటికీ మూలం ఒకటే కాబట్టి 2009 తర్వాత 2010, 2017 తర్వాత 2018 ఒకే దిశలో నడిచాయి. మొదటిది రెండోదానికి కారణమని అనుకుంటేనే పొరపాటు.

అధ్యక్షుడి పదవీకాలంలో మూడో ఏట వచ్చే ఎన్నికలకు ఆ మాత్రం సూచన విలువ కూడా లేదు. 2023లో వర్జీనియా డెమొక్రాట్లు సెనేటును నిలబెట్టుకుని దిగువ సభను 51–49తో తిరిగి గెలిచారు, న్యూజెర్సీ అసెంబ్లీలో 46 నుంచి 52కు పెరిగారు. దాన్ని చూసి 2024 గురించి సంబరపడిన వ్యాఖ్యాతలు తక్కువమంది కాదు. ఏడాది తిరిగేసరికి ట్రంప్ గెలిచారు, అదే న్యూజెర్సీలో డెమొక్రాట్ల ఆధిక్యం 2020లో ఉన్న సుమారు 16 శాతం పాయింట్ల నుంచి 6కు దిగజారింది. 2023లో వర్జీనియా ఓటర్ల ముందున్న ప్రధాన ప్రశ్న గర్భస్రావానికి 15 వారాల పరిమితి పెట్టాలన్న యంగ్‌కిన్ ప్రతిపాదన. ఓటర్లు దానికి జవాబిచ్చారు, అంతకు మించి వెతకడం అనవసరం.

వ్యక్తిగత స్థాయిలో అయితే ఈ ఎన్నికలు మరీ అంతుపట్టవు. 2021లో న్యూజెర్సీ సెనేటు అధ్యక్షుడిగా పన్నెండేళ్ల పాటు చక్రం తిప్పిన స్టీవ్ స్వీనీని ఎడ్వర్డ్ డర్ అనే ట్రక్కు డ్రైవరు ఓడించాడు. సభ మాత్రం డెమొక్రాట్ల చేతిలోనే ఉంది. ఇంతకు ముందు చెప్పిన రెండేళ్ల పదవీకాలం కారణంగా 2023లోనే మళ్లీ పోటీ చేయవలసి వచ్చిన డర్, ఆ స్థానాన్ని తిరిగి డెమొక్రాట్లకు అప్పగించి ఇంటికి వెళ్లాడు.

చౌరస్తా గారు ముందు చూపుతో గమనించదలిస్తే 2027 మీద దృష్టి పెట్టమంటాను. ఆ ఏడాది నాలుగు రాష్ట్రాల్లోనూ రెండు సభలకూ ఎన్నికలు ఒకేసారి వస్తాయి. లూసియానా, మిసిసిపిలలో గవర్నరు ఎన్నిక కూడా ఉంటుంది కానీ వర్జీనియా, న్యూజెర్సీలలో ఉండదు. బ్యాలెట్టు పైభాగాన గవర్నరు పేరు లేని ఏట పోలింగుకు వచ్చేవారు బాగా తగ్గుతారు, వచ్చేవారిలో పార్టీలను అంటిపెట్టుకున్నవారే ఎక్కువగా ఉంటారు. వర్జీనియా సెనేటులో 21–19 లెక్క ప్రజల ముందుకు వచ్చేది అలాంటి ఎన్నికలోనే.